వంకర చెట్టు, కట్టిన తాడు

నా చిన్నతనంలో నా వెన్నెముక మీద ఇద్దరు పెత్తనం చేసేవారు. ఒకరు మా స్కూలు డ్రిల్లు మాస్టారు, రెండోవారు మా నాయనమ్మ.

మాస్టారు ఈల వూది, "ఛాతీ ముందుకి! తల పైకి! ఏమిటా గూని?" అని గద్దించేవారు. నేను కొయ్యబొమ్మలా బిగుసుకుపోయేదాన్ని. సాయంత్రం అదే ఛాతీతో, అదే తలతో ఇంటికొస్తే, వీధరుగు మీద కూర్చున్న నాయనమ్మ కళ్లెర్రజేసేది. "ఏమే, మగరాయుడిలా ఆ విరుచుకుని నడవడమేమిటి? తల వంచుకుని నడు!" అనేది. పొద్దున నిటారు, సాయంత్రం వంగుడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేల్చుకోలేక, పాపం, నా వెన్ను తన దారి తాను చూసుకుంది. ఆ సంగతి నలభై దాటాక గానీ బయటపడలేదు.

నవలలు రాసేవాళ్లకి చెయ్యి నొప్పి పుడుతుందని చదివేవాళ్లు అనుకుంటారు. నిజానికి పుట్టేది నడుంనొప్పి. పోయిన ఏడాది ఒక నవల సగంలో వుండగా నా నడుం మొరాయించింది. కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకోవాలి, బల్ల దగ్గర్నుంచి గుమ్మం దాకా గోడ పట్టుకోవాలి. ఇహ లాభం లేదని మా వారు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

మన నంబరు పిలిచేదాకా అక్కడ చెయ్యడానికేముంది, గోడలు చూడడమే! ఎదుటి గోడ మీద ఒక బొమ్మ వుంది. వంకరగా పెరిగిన లేత చెట్టు. దాని పక్కనే భూమిలో పాతిన నిటారు గుంజ. చెట్టు చుట్టూ తాడు చుట్టి గుంజకు బిగించి కట్టారు. కింద అక్షరాలేమీ లేవు. ఎముకల డాక్టరు గోడ మీద చెట్టుకేం పని? మొక్కై వంగనిది మానై వంగునా అన్న మన సామెతకి ఎవరో బొమ్మ గీసినట్టుంది, కాకపోతే తిరగేసి. మన సామెత వంచడం గురించి, ఆ బొమ్మ వంపు తీయడం గురించి.

డాక్టరు గారు పరీక్ష చేసి, మందులు రాసి, "నిటారుగా కూర్చోవడం అలవాటు చేసుకోండమ్మా" అన్నారు. డ్రిల్లు మాస్టారు మళ్లీ ఎదురైనట్టయింది! ఇంటికొచ్చాక మంచం మీద పడుకుని, వేరే పని లేక, ఆ చెట్టు ఎక్కడిదో వెతకడం మొదలుపెట్టాను. ఆ తాడు పట్టుకుని వెళితే రెండువందల ఎనభై ఏళ్లు వెనక్కి పోయాను.

ఆ చెట్టు పారిస్‌ది. 1741లో నికొలా ఆండ్రీ అనే ఫ్రెంచి డాక్టరు ఒక పుస్తకం అచ్చువేయించాడు. అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి. అంతకు నలభై ఏళ్ల ముందు మనిషి వంట్లోని పురుగుల మీద పుస్తకం రాసి పేరు తెచ్చుకున్న మనిషి. ముసలితనంలో ఆయన దృష్టి పిల్లల మీదికి మళ్లింది. పిల్లల వంటికి వంకరలు రాకుండా చూసుకోవడం, వస్తే సరిచెయ్యడం ఎలాగో తల్లిదండ్రులకి చెప్పాలనుకున్నాడు. ఆ విద్యకి అప్పటికి పేరు లేదు. గ్రీకులో 'ఆర్థోస్' అంటే తిన్ననిది, 'పైడియోన్' అంటే బిడ్డ. రెండూ కలిపి ఆయనే ఒక పేరు కట్టాడు. ఈనాడు మనం ఆర్థోపెడిక్ డాక్టరు అంటున్నామే, ఆ మాట పుట్టింది అక్కడ. అందులో ఎముక లేదు, కీలు లేదు, సిమెంటు కట్టు లేదు. తిన్నని బిడ్డ వుంది, అంతే! నేను చూసిన చెట్టు ఆ పుస్తకంలోదే. తర్వాత తర్వాత అదే దేశదేశాల్లో ఎముకల వైద్యుల సంఘాలకి గుర్తయి కూర్చుంది.

బొమ్మ ఒక్కటే చూస్తే ఆండ్రీ గారు మా డ్రిల్లు మాస్టారికి ముత్తాత అనిపిస్తుంది. కానీ పుస్తకంలో ఏముందో తెలుసుకున్నాక నాకు ఆశ్చర్యం వేసింది. ఆయన బిడ్డ వీపు చూసి వూరుకోలేదు, బిడ్డ కూర్చున్న కుర్చీకేసి కూడా చూశాడు. ఆ రోజుల్లో గడ్డితో అల్లిన కుర్చీలుండేవి. కూర్చోగా కూర్చోగా వాటికి మధ్యలో గుంట పడేది. గుంటలో కూర్చున్న పిల్లవాడు వీపు వంచక ఏం చేస్తాడు? అందుకని చదునైన చెక్క వెయ్యమన్నాడు. బల్ల మరీ ఎత్తుగా వుంటే భుజాలు పైకి లేస్తాయి, మరీ కిందికి వుంటే వీపు వంగుతుంది, కాబట్టి బల్ల బిడ్డకి తగ్గట్టు వుండాలన్నాడు.

ఎంత మంచి మాట! మరి లోకం ఏం చేసిందో చూడండి. చెట్టునీ తాడునీ గోడకి తగిలించుకుంది. కుర్చీ సంగతి మరిచిపోయింది. వెన్ను ఎందుకు వంగిందని నిలదీసినవాళ్లే గానీ, దాన్ని వంచిందేదని అడిగినవాళ్లు తక్కువ.

ఇంతకీ మా డ్రిల్లు మాస్టారి వంశం వేరేచోట వుంది. డ్రిల్లు అన్న మాట డచ్చివాళ్లది. 1607లో హాలెండులో యాకబ్ ద ఖైన్ అనే చిత్రకారుడు వందకు పైగా బొమ్మలతో సైనికుల కోసం ఒక పుస్తకం తయారుచేశాడు. తుపాకీ ఎలా ఎత్తాలి, ఈటె ఎలా పట్టుకోవాలి, కాలు ఎక్కడ పెట్టాలి, అన్నీ వరుసగా. వెయ్యిమంది ఒక్క మనిషిలా కదలాలన్నది అందులోని వుద్దేశం. సైన్యానికి అది అవసరమే కావచ్చు. ఆ కవాతు మెల్లిగా బడిలోకి దిగింది. సిపాయి వీపే మంచి వీపు అన్న నమ్మకం దానితోపాటే వచ్చింది.

ఆ నమ్మకం ఎంత దూరం పోయిందో తెలియాలంటే అమెరికా వెళ్లాలి. 1913లో జెస్సీ బాన్‌క్రాఫ్ట్ అనే ఆవిడ బడిపిల్లలు కూర్చునే, నిలబడే తీరు గురించి ఒక పుస్తకం రాసింది. న్యూయార్కు బడుల్లో వ్యాయామ విద్య చూసిన మనిషి. పిల్లవాణ్ణి పక్కకి తిప్పి నిలబెట్టి, వాడి పక్కన ఒక నిలువు గడ పెట్టి చూడడం ఆవిడ పద్ధతి. చెవి దగ్గర్నుంచి పాదం దాకా తిన్నగా వస్తే పాసు, లేకపోతే ఫెయిలు. మరుసటి ఏడు, 1914లో, ఆవిడా మరికొందరూ కలిసి అమెరికన్ పోశ్చర్ లీగ్ అని ఒక సంఘం పెట్టారు. న్యాయంగా చెప్పుకోవాలంటే వాళ్లు కుర్చీల కోసమూ, బట్టల కోసమూ కూడా పాటుపడ్డారు. అయినా జనం మనసులో నిలిచిపోయింది మాత్రం ఆ గడే. నిటారుగా నిలబడినవాడు ఆరోగ్యవంతుడు, బుద్ధిమంతుడు, మంచి కుటుంబం వాడు. వంగినవాడు బద్ధకస్తుడు. ఇదీ లెక్క!

లెక్క అక్కడితో ఆగినా బాగుండేది. పేరుమోసిన కాలేజీల్లో చేరిన కొత్తలో పిల్లల్ని వరసగా పిలిచి, వెన్ను తిన్నగా వుందో లేదో చూడడానికని ఫోటోలు తీసేవారు. ఒంటి మీద బట్టల్లేకుండా! 1940ల నుంచి 1960ల దాకా, అబ్బాయిలు చదివే యేల్‌లోనూ, అమ్మాయిలు చదివే వాసర్‌లోనూ, ఇంకా చాలాచోట్ల ఇది మామూలు తంతులా జరిగిపోయింది. పద్దెనిమిదేళ్ల పిల్లలు, కాదనవచ్చునని కూడా తోచక నిలబడ్డారు. అలాంటి ఫోటోలు ఎన్నో, శరీరం తీరును బట్టి మనిషి గుణం చెప్పవచ్చునని నమ్మిన ఒక పరిశోధకుడి చేతికి చేరాయి. 1995లో న్యూయార్క్ టైమ్స్ వారి పత్రిక ఈ కథ రాసేసరికి ఆనాటి పిల్లల్లో చాలామంది పెద్ద పెద్ద హోదాల్లో వున్నారు. గగ్గోలు పుట్టింది. స్మిత్సోనియన్ సంస్థలో దాచి వున్న ఆ ఫోటోల్లో కొన్నింటిని నాశనం చేయించారు.

ఇది చదివినప్పుడు నాకు మాస్టారూ, నాయనమ్మా ఇద్దరూ ఒకేసారి గుర్తొచ్చారు. ఒకరు నిలబడమన్నారు, ఒకరు వంగమన్నారు. కానీ ఇద్దరి మాటలోనూ అర్థం ఒకటే. నీ వెన్ను నీది కాదు, పదిమందీ చూసేది అని!

వెన్ను తనది కాకపోవడమంటే ఏమిటో మనవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. నిజాం ఏలుబడిలో తెలంగాణ పల్లెల్లో దొర గడి ముందునుంచి పోయే పేదవాడు చెప్పులు విప్పి చేతపట్టుకోవాలి. దొర ఎదురైతే నడుం వంచాలి. "నీ బాంచన్, కాల్మొక్త" అనాలి. అక్కడ వంగడం జబ్బు కాదు, మర్యాద! నిటారుగా నిలబడడమే నేరం. 1946 నుంచి 1951 దాకా భూమి కోసం, వెట్టి వదిలించుకోవడం కోసం జరిగిన పోరాటంలో ఆ నడుం నిలబెట్టుకోవడం కూడా ఒక భాగమే. ఏ డ్రిల్లు మాస్టారి ఈలా ఆ వంపు తీయలేకపోయేది.

సరే, అది దొర వంచిన నడుం. మరి పని వంచిన నడుం సంగతేమిటి?

దానికి కోర్టులో న్యాయం దొరికిన కథ ఒకటి వుంది. అదీ అమెరికాదే. కాలేజీ పిల్లలకి ఫోటోలు తీస్తున్న రోజుల్లోనే, ఆ దేశం పడమటి కొసన కాలిఫోర్నియాలో కూలీలు లెట్యూస్ అనే ఆకుకూర మళ్లలోనూ, చక్కెర దుంప చేలల్లోనూ కలుపు తీసేవారు, మొక్కలు పలచన చేసేవారు. చాలామంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల బిడ్డలు. వాళ్ల చేతికిచ్చే పారకి పిడి అడుగో, అడుగున్నరో. దాన్ని వాళ్ల స్పానిష్ భాషలో 'ఎల్ కోర్తీతో' అనేవారు, పొట్టిది అని. వినడానికి ముద్దుపేరులా వుంటుంది. కానీ ఆ పొట్టిదాంతో మట్టిని అందుకోవాలంటే మనిషి నడుం దగ్గర రెండుగా మడవాలి. అలా పొద్దుటినుంచీ పొద్దుగూకేదాకా, సాళ్ల వెంబడి. వ్యవసాయ కూలీల నాయకుడు సీజర్ చావెజ్ కుర్రతనంలో ఆ పార పట్టినవాడే. వెన్నునొప్పి ఆయన్ని తర్వాత కూడా వదల్లేదు.

పొడుగు పిడి ఎందుకివ్వరయ్యా అంటే, పొట్టి పార అయితేనే పని నాజూకుగా సాగుతుందనీ, పొడుగు పిడితో మొక్కలు దెబ్బతింటాయనీ తోటల యజమానులు జవాబు చెప్పేవారు. కూలీలు చెప్పే కారణం ఇంకొకటి. పొట్టి పార అయితే మేస్త్రీ గట్టు మీద నిలబడి ఒక్క చూపులో కనిపెట్టగలడు. ఎవరి వీపు పైకి లేస్తే వాడు పని ఆపినట్టే!

1972లో కూలీల తరఫున వాదించే న్యాయవాదులు, కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ శాఖకి అర్జీ పెట్టారు. ప్రమాదకరమైన పనిముట్లు వాడకూడదని మీ నిబంధనల్లోనే వుంది కదా, ఈ పారను నిషేధించండి అని. ఏళ్ల తరబడి అలా వంగి పనిచేస్తే వెన్నెముక ఏమవుతుందో డాక్టర్లు వచ్చి సాక్ష్యం చెప్పారు. శాఖవారు ఏమన్నారో తెలుసా? పనిముట్టు ప్రమాదకరమంటే విరిగిపోయిందో, తయారీలో లోపమున్నదో అని అర్థమట. ఈ పార గట్టిగానే వుంది, దీనికేం తక్కువ, పొమ్మన్నారు. నిజమే, పారకేం జబ్బు లేదు. జబ్బంతా దాన్ని పట్టుకున్న మనిషికి!

వ్యవహారం కాలిఫోర్నియా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 1975 జనవరిలో తీర్పు వచ్చింది. పనిముట్టు విరిగి మనిషికి దెబ్బ తగిలినా, వాడవలసిన తీరులోనే వాడగా వాడగా మనిషి వెన్ను పాడైనా, రెండూ ప్రమాదమే. శాఖవారు తమ నిబంధనను మరీ ఇరుకుగా చదువుకున్నారు. ఇదీ ఆ తీర్పు సారాంశం. ఆ ఏడాది ఏప్రిల్లో పొట్టి పారను నిషేధించారు. యజమానులు భయపెట్టినట్టు పంటలేవీ మునిగిపోలేదు. అవే పొలాల్లో కూలీలు పొడుగు పిడి పట్టుకుని అదే పని చేశారు. నిటారుగా నిలబడడం వాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. పిడి పొడుగైంది, నడుం దానంతటదే లేచింది. చావెజ్ తండ్రి వాడిన పొట్టి పార ఇప్పుడు స్మిత్సోనియన్ వారి మ్యూజియంలో వుంది. కాలేజీ పిల్లల ఫోటోలు దాచిన ఆ సంస్థే!

ఈ కథ చదివాక మా వంటింటికేసి కొత్తగా చూడడం మొదలుపెట్టాను. వంటింటికీ ఇలాంటి చరిత్ర వుంది మరి. 1926లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం సామాన్యుల కోసం వేలకొద్దీ ఇళ్లు కట్టిస్తూ, వంటగది నమూనా గీసే పని మార్గరెటె షూట్టె-లిహోట్స్‌కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు చేతిలో పెట్టింది. రైలు పెట్టెలోని ఇరుకు వంటగదిలో పని ఎలా సాగుతుందో చూసి, వంట మనిషి వేసే అడుగులు లెక్కపెట్టి, ఆవిడ ఒక చిన్న వంటగది గీసింది. అందులో కిటికీ ముందు కూరలు తరుక్కునే బల్ల, దానికొక గుండ్రంగా తిరిగే స్టూలు. కూర్చుని చేసుకోగల పని కూర్చునే చేసుకోవచ్చు! అలాంటి వంటగదులు పదివేల దాకా కట్టారు. తమాషా ఏమిటంటే, ఆ నమూనా గీసేనాటికి తనకి వంట అలవాటే లేదని ఆవిడే తర్వాత చెప్పుకుంది. అందుకే కాబోలు, ఇల్లాలి ఓర్పును నమ్ముకోకుండా బల్ల ఎత్తు కొలిచింది.

మనకి వంటింటి గట్టు వచ్చినప్పుడు అంత ఆలోచన ఎవరు చేశారు? మా నాయనమ్మ పీట మీద కూర్చుని కత్తిపీట ముందేసుకునేది. పొయ్యి నేల మీదే. గ్యాసు పొయ్యి రాగానే వంట లేచి నిలబడింది. మా అమ్మకి గట్టు కట్టినప్పుడు మేస్త్రీ, "అందరికీ ఇంతేనండీ" అని తనకి అలవాటైన కొలతే వేశాడు. మా అమ్మ అయిదడుగులు కూడా వుండదు. ముప్ఫై ఏళ్లు భుజాలు పైకెత్తి గరిటె తిప్పింది. భుజం నొప్పి అంటే అందరం వయసు అన్నాం. గట్టు అని ఒక్కరికీ తోచలేదు.

పొలాల్లో ఇహ చెప్పేదేముంది? నాట్లూ, కలుపు తీతా ఈనాటికీ చాలాచోట్ల ఆడవాళ్ల నడుముల మీదే నడుస్తున్నాయి. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ పద్ధతి వరిసాగు మొదలుపెట్టినప్పుడు, నిలబడి తోసుకుంటూ పోయే కలుపు యంత్రం కూడా దానితో వచ్చింది. నడుం వంచక్కర్లేదు, నిజమే. కానీ బురదలో దాన్ని తోయడం బరువన్నవాళ్లూ వున్నారు. పనిముట్టు మారితే చాలదు, అది పట్టుకునే చేతికి తగినదై వుండాలి కదా!

నా సంగతి చెప్పనేలేదు. నేను ఇన్నాళ్లూ నవలలు రాసింది భోజనాల బల్ల మీద. అందరూ తిని లేచాక, బల్ల తుడుచుకుని. టేపు పెట్టి కొలిస్తే ఆ బల్ల నా కుర్చీకి మూడంగుళాలు ఎత్తెక్కువ! కుర్చీలో ఒక దిండు వేసుకున్నాను. కాళ్ల కింద నాయనమ్మ పీట పెట్టుకున్నాను. మళ్లీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మాట చెబితే ఆయన నవ్వారు. "నిటారుగా కూర్చోండని చెప్పడం మాకు తేలికమ్మా. ఎంత చక్కగా కూర్చున్నా గంటల తరబడి అలాగే వుండకూడదు. మధ్య మధ్య లేస్తూ, తిరుగుతూ వుండండి. వెన్ను కోరేది కదలిక" అన్నారు. ఆండ్రీ గారి కుర్చీ కథ చెప్పాను. ఆ బొమ్మ తన గోడ మీద పదేళ్లుగా వున్నా ఆ సంగతి తనకి తెలియదన్నారు.

ఇంత తెలుసుకున్నానన్న మురిపెంతో ఆ సాయంత్రం నా కొత్త ఆసనం మీద కూర్చుని కిటికీలోంచి చూశాను. మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఈనెల చీపురుతో వాకిలి వూడుస్తోంది, నడుం దగ్గర రెండుగా మడిచి. పన్నెండేళ్లుగా రోజూ చూస్తున్న వీపే అది.

బయటికి వెళ్లి, "పొడుగు కర్రది తెప్పిస్తాను, నిలబడి వూడుద్దువుగానిలే" అన్నాను.

"వద్దులెండమ్మగారూ. నిలబడి వూడిస్తే చెత్త పోదు" అంది.

"ఎవరన్నారలా?"

"మీ అత్తగారే కదండీ! నేను చేరిన కొత్తలో కర్రకి కట్టుకుంటే, నిలబడి వూడిస్తే వూడ్చినట్టు కాదని విప్పించేశారు" అంది, వూడవడం ఆపకుండానే.

కాలిఫోర్నియా యజమానులు చెప్పిన మాటే అది. మా వాకిట్లోనూ పన్నెండేళ్లుగా చెల్లుబాటైంది. అత్తగారిని అని ఏం లాభం? ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లూ ఆ వీపు చూసింది నేనే.

మర్నాడు మా వారు వెదురు కర్ర ఒకటి తెచ్చారు. ఆవిడ మెట్టు మీద కూర్చుని, చీపురుని కర్రకి ఆనించి, తాడు చుట్టి బిగించి కట్టింది. అచ్చం డాక్టరు గారి గోడ మీద బొమ్మలాగే వుంది, కాకపోతే ఈసారి కట్టింది చెట్టుని కాదు. తర్వాత లేచి నిలబడి వూడ్చింది. వాకిలి ఎప్పటిలాగే శుభ్రంగా వుంది.